వడపోత వదిన

అమెరికాలో తెలుగువాళ్ళు ఉన్నచోటల్లా రకరకాల వదినలు ఉంటారు. ఆవకాయ వదిన, కూపన్ల వదిన, కూచిపూడి వదిన. మా డాలస్ చుట్టుపక్కల వీళ్ళకి తోడు ఇంకో రకం బయల్దేరింది. ఈవిడ పిల్లల్ని బడికి పంపదు. చదువూ సంధ్యా అంతా ఇంట్లోనే. రాత్రి కుటుంబ ప్రార్థన కాగానే పిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకుని పుస్తకం పైకి చదివి వినిపిస్తుంది. అయితే ఏ పుస్తకమైనా సరే, పిల్లల చెవిన పడాలంటే ముందు ఈవిడ కంటిని దాటి రావాలి. అందుకే వీళ్ళకి నేను పెట్టుకున్న పేరు వడపోత వదినలు. వీళ్ళలో నాకు బాగా దగ్గరగా తెలిసినావిడ మా పెద్దనాన్నగారి కోడలు.

వదినది బందరు. రాబర్ట్ నోబుల్ దొర ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చి 1843లో బడి పెట్టిన ఊరు. దొర అంతదూరం వచ్చి బడి పెడితే, ఆ ఊరి ఆడపడుచు అంతకంటే దూరం విమానంలో పోయి పిల్లల్ని బడి మాన్పించింది. టెక్సస్‌లో ఇది నేరమేం కాదు. ఇంటి బడి కూడా ప్రైవేటు బడి కిందే లెక్క అని 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ నేర్పితే చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇదంతా బందరులో ఉన్న వాళ్ళమ్మకి మాత్రం ఎక్కదు. ఫోన్ చేసినప్పుడల్లా, "ఫీజులకి ఇబ్బందిగా ఉంటే మొహమాటపడకుండా చెప్పవే, నేను పంపిస్తాను" అంటుంది.

వదినకి ఈ దారి చూపించింది, ఇంటి బడి తల్లులంతా కలిసి నడుపుకునే కో-ఆప్‌లోని అమెరికన్ తల్లులు. వాళ్ళందరికీ గురువు షార్లెట్ మేసన్ అని ఇంగ్లండులో ఒక టీచరమ్మ. 1842లో పుట్టి 1923లో పోయింది. పిల్లలకి ప్రాణమున్న పుస్తకాలు ఇవ్వాలి గానీ చప్పిడి పుస్తకాలు కాదన్నది ఆవిడ బోధ. విన్నది పిల్లలు మళ్ళీ తమ మాటల్లో తిరిగి చెప్పాలన్నది ఇంకో నియమం. 1984లో సూసన్ షేఫర్ మెకాలే అనే రచయిత్రి ఈ సంగతులన్నీ మళ్ళీ బయటికి తీసి పుస్తకం రాశాక, ఇంట్లో చదువు చెప్పుకునే అమెరికన్ క్రైస్తవ తల్లులకి బైబిలు తర్వాత మేసన్ మాటే మాట అయింది. మేసన్ పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. "అందుకే అంత ప్రశాంతంగా ఆలోచించగలిగింది" అంటాడు మా అన్నయ్య. వదిన వినేలా మాత్రం అనడు.

ఇక వడపోతకి కొలబద్ద, ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రిక 4వ అధ్యాయం 8వ వచనం. సత్యం, న్యాయం, పవిత్రత, రమ్యత... ఇలా మనిషి మనసు పెట్టదగిన వాటికి పౌలు ఒక జాబితా ఇచ్చాడు. వచనం వదిన ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. పౌలు ఆ మాటలు రాసింది సంకెళ్ళలో ఉండి. ఆయనకి ఇంటి పక్కన పబ్లిక్ లైబ్రరీ లేదు. వదినకి ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది. చక్రాల పెట్టె లాక్కుంటూ వెళ్ళి నిండా పుస్తకాలు తెస్తుంది. పిల్లలు పడుకున్నాక టేబుల్ లైటు కింద కూచుని పేజీ పేజీకి రంగు చీటీలు అతికిస్తుంది. పచ్చ చీటీ ఉంటే చదవచ్చు. ఎర్ర చీటీ ఉంటే దాటెయ్యాలి. పసుపు చీటీ ఉంటే అన్నయ్యని సలహా అడగాలి. పసుపు చీటీల కట్ట ఇంతవరకూ విప్పినట్టు లేదు.

చీటీలకి లొంగని పుస్తకాలకి అప్పటికప్పుడు సవరణ ఉంటుంది. చదువుతూ చదువుతూనే మాట మార్చేస్తుంది. 'స్టుపిడ్' అన్నచోట 'తొందరపాటు మనిషి' అవుతాడు. స్టీవెన్‌సన్ ట్రెజర్ ఐలండ్‌లో ఓడదొంగలు పొద్దస్తమానం రమ్ము తాగుతుంటారు కదా, వదిన నోట వాళ్ళు నిమ్మరసం తాగారు. నిమ్మరసం తాగి కత్తులు దూశారు, నిమ్మరసం తాగి పాటలు పాడారు. ఇంతవరకూ బాగానే నడిచింది. కథలో డాక్టరు ముసలి కెప్టెన్‌ని పట్టుకుని, ఆ తాగుడు మానకపోతే చస్తావని హెచ్చరిస్తాడు. మాట వినక అతను చచ్చిపోతాడు కూడా. ఆ రాత్రి నుంచి చిన్నాడు నిమ్మకాయ పులిహోర ముట్టడం మానేశాడు.

పెద్దాడికి చదవడం వచ్చాక ఇంకో కష్టం మొదలైంది. వాడు తల్లి భుజం మీదనుంచి తొంగిచూస్తాడు. "అమ్మా, రెండు లైన్లు వదిలేశావ్" అంటాడు. "అవి అంత ముఖ్యం కాదులే నాన్నా" అంటుంది వదిన. మర్నాడు ముగ్గురు పిల్లలకీ ఆ పుస్తకంలో గుర్తున్నవి ఆ రెండు లైన్లే.

మంత్రతంత్రాల పద్దులో హారీ పోటర్ ఆ ఇంటి గడప తొక్కలేదు. నార్నియా కథలు మాత్రం అల్మరాలో పై వరసలో దర్జాగా ఉంటాయి. 1950లో వచ్చిన మొదటి పుస్తకంలోనే తెల్ల మంత్రగత్తె ఉంది. అయినా రాసిన సి.ఎస్. లూయిస్ భక్తిపరుడు, కథలో సింహం ప్రాణత్యాగం చేసి తిరిగి లేస్తుంది, అందుకని పాస్. ఒకరోజు అన్నయ్య ఉండబట్టలేక అడిగాడు.

"అక్కడ మంత్రగత్తె అయితే తప్పు లేదుటే?"

"ఆవిడ చివరికి ఓడిపోతుందండీ."

"హారీ పోటర్‌లో కూడా చెడ్డవాడు ఓడిపోతాడుగా?"

"మీకెలా తెలుసు?"

అన్నయ్యకి హఠాత్తుగా ఆఫీసు మీటింగు గుర్తొచ్చింది.

బందరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ, మనవలకి తెలుగు రావాలని పాత చందమామల బైండు ఒకటి మోసుకొచ్చింది. తెరవగానే బేతాళుడు. చెట్టుకి వేలాడే శవం, అందులో దయ్యం, దాన్ని భుజాన వేసుకుని శ్మశానం కేసి నడిచే రాజు. వదిన గుండె ఝల్లుమంది. పెద్దమ్మ నొచ్చుకుంది. "మా నాన్న సండేస్కూల్లో పాఠాలు చెప్పేవాడు. నెలనెలా చందమామ ఇంటికొచ్చేది. మాలో ఎవరికి దయ్యం పట్టిందే?" అంది. అత్తగారి మాట తీసెయ్యలేక వదిన రాజీకి వచ్చింది. కథ చదివింది గానీ బేతాళుణ్ణి పక్కింటి అంకుల్ని చేసింది, శ్మశానాన్ని పార్కు చేసింది. విక్రమార్కుడు పక్కింటి అంకుల్ని భుజాన వేసుకుని మౌనంగా పార్కు వైపు నడుస్తున్నాడు. ఆ వారమంతా పిల్లలు పక్కింటి జాన్సన్‌గారిని అదోలా చూశారు.

ఇన్ని అవస్థలు ఎందుకని, కో-ఆప్ తల్లులు మచ్చలేని పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. 1867లో మార్తా ఫిన్లీ రాసిన ఎల్సీ డిన్స్‌మోర్. ఎల్సీ అనే చిన్నపిల్ల మహా భక్తురాలు, దానికి తోడు ఊరికే ఏడుస్తుంది. ఆదివారం నాడు తండ్రి పియానో మీద లౌకికమైన పాట పాడమంటే, విశ్రాంతిదినాన పాడనని మొండికేసి, స్పృహతప్పి పడిపోయేదాకా ఆ స్టూలు మీదే కూచుంటుంది. వదిన కళ్ళు చెమర్చాయి. నడిపిది మాత్రం నెమ్మదిగా, "అయితే ఆదివారం నేను కూడా పియానో ప్రాక్టీసు చెయ్యక్కర్లేదా?" అంది. పెద్దాడిది ఇంకో ప్రశ్న. ఎల్సీ ఏడ్చినప్పుడల్లా ఓదార్చేది ఆ ఇంట్లో బానిసగా ఉన్న దాది. "మరి ఆవిడకి ఏడుపొస్తే ఎవరు ఓదారుస్తారమ్మా?"

వదిన పుస్తకం తిరగేసి చూసుకుంది. ఒక్క ఎర్ర చీటీ లేదు. తిట్టు లేదు, తాగుడు లేదు, మంత్రం లేదు. మనుషుల్ని కొనుక్కున్న ఇల్లు మాత్రం ఉంది. వడపోతలో నలుసులన్నీ ఆగాయి, బండరాయి దాటిపోయింది.

లారా ఇంగల్స్ వైల్డర్ 1935లో రాసిన లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయరీతోనూ ఇదే గొడవ. అమెరికాలో ఇంటి బడి ఉన్న ఇళ్ళలో ఆ పుస్తకాల వరస లేని ఇల్లు అరుదు. అమ్మా నాన్నా పిల్లలూ బండి కట్టుకుని పోతారు, చెమటోడ్చి ఇల్లు కట్టుకుంటారు, సాయంత్రం నాన్న ఫిడేలు వాయిస్తాడు. ఇంతకంటే ఆరోగ్యకరమైన పుస్తకం ఏముంటుంది? కాకపోతే వాళ్ళు ఇల్లు కట్టింది ఓసేజ్ తెగవాళ్ళ నేల మీద. కథలో తల్లికి ఇండియన్లంటే గిట్టదు. చిన్నాడు బిక్కమొహం వేశాడు. "ఆవిడకి మనమంటే ఎందుకమ్మా కోపం?" మనం కాదురా అని చెప్పడానికి వదినకి కొలంబస్ దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

అసలు పరీక్ష హెంటీ పుస్తకంతో వచ్చింది. జి.ఎ. హెంటీ విక్టోరియా రాణి కాలంలో కుర్రవాళ్ళకి చరిత్ర కథలు వందకి పైగా రాశాడు. ధైర్యం, నిజాయితీ, పెద్దల మాట వినడం, అన్నీ పుష్కలం. అమెరికాలో ఇంటి బడులవాళ్ళ కోసం వాటిని మళ్ళీ అచ్చేసి అమ్ముతున్నారు. 1884లో వచ్చిన విత్ క్లైవ్ ఇన్ ఇండియా పట్టుకుని వదిన ఉత్సాహంగా కూచుంది. మచిలీపట్నం పేరు తగలగానే ఎగిరి గంతేసినంత పని చేసింది. "మన ఊరే! అమ్మమ్మ వాళ్ళ ఊరే!" అంది. కోట ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది, 1759లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని పట్టుకున్నారు. ఇంతలో పెద్దాడు నోరు విప్పాడు.

"వీళ్ళు ఇంగ్లీషువాళ్ళు, వాళ్ళు ఫ్రెంచివాళ్ళు. బందరువాళ్ళు ఎక్కడున్నారమ్మా?"

వదిన చీటీల కోసం చూడలేదు. పుస్తకం మూసి పక్కన పెట్టింది. బందరువాళ్ళు ఎక్కడున్నారో చెప్పడం మొదలుపెట్టింది. కలంకారీ అద్దకం, ఓడల రేవు, ఊరిని ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకున్న 1864 ఉప్పెన, నోబుల్ దొర బడి, వాళ్ళ తాత చదువుకోవడానికి పడ్డ పాట్లు, చివరికి బందరు లడ్డు. వడపోయకుండా వదిన చెప్పిన మొదటి కథ అదే. పిల్లలు కదల్లేదు. మీటింగులో ఉన్న అన్నయ్య కూడా మైకు ఆపుకుని విన్నాడు.

ఇక ఆ ఇంట్లో వడపోత వర్తించని పుస్తకం ఒక్కటే ఉంది, బైబిలు. ఆదికాండం నుంచి వరసగా చదువుతున్నారు. న్యాయాధిపతుల గ్రంథం 3వ అధ్యాయంలో ఏహూదు అనే ఎడమచేతివాటం మనిషి, మిక్కిలి స్థూలకాయుడైన మోయాబు రాజు ఎగ్లోనుని ఏకాంతంగా కలిసి కత్తితో పొడుస్తాడు. కత్తి పిడితో సహా కొవ్వులో కూరుకుపోతుంది. రాజు కాలకృత్యాలకి వెళ్ళాడనుకుని నౌకర్లు బయటే కాచుకుని ఉంటారు. దాని వెనకే 4వ అధ్యాయంలో యాయేలు, నిద్రపోతున్న సేనాపతి కణతలో గుడారపు మేకు దిగ్గొడుతుంది. పిల్లలకి హెంటీ, నార్నియా అన్నీ దీని ముందు బలాదూర్ అయిపోయాయి.

సరిగ్గా ఆ వారమే గుంటూరు నుంచి పాస్టరు అయ్యగారు భోజనానికి వచ్చారు. ఆయన కొంచెం బొద్దుగా ఉంటారు. "ఏదీ బాబూ, నీకిష్టమైన బైబిలు కథ చెప్పు" అన్నారు చిన్నాణ్ణి. దావీదో, దానియేలో వస్తాడనుకున్నారు పాపం. వాడు మేసన్ నియమం ప్రకారం, ఎడమచేత్తో గరిటె పట్టుకుని, అయ్యగారి పొట్ట కేసి చూస్తూ ఏహూదు కథ ఒక్క ముక్క పోకుండా తిరిగి చెప్పాడు. నౌకర్ల సంగతి అభినయంతో సహా. టేబుల్ చుట్టూ నిశ్శబ్దం. కాదనడానికి వీల్లేదు, అది వాక్యమే. అయ్యగారు 'ఆమెన్' అన్నారు. రెండోసారి బిర్యానీ వద్దన్నారు.

వడపోత వదినల్ని చూసి నవ్వుకోవడం తేలికే. కానీ ఊళ్ళో పిల్లల పుస్తకాలు అన్నేసి చదివిన మనిషి ఇంకొకరు లేరు. చీటీలు అంటిద్దామని మొదలుపెట్టి ఆవిడే గొప్ప చదువరి అయిపోయింది. పిల్లల్ని కాపాడుతున్నది చీటీలు కావు. ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పడానికి పక్కనే ఒక మనిషి ఉండటమే. కాబట్టి మీరూ పుస్తకాలు ఏరుకోండి, కావాలంటే రంగు చీటీలు కూడా కొనుక్కోండి. పిల్లవాడు ప్రశ్న వేసినప్పుడు మాత్రం పుస్తకం మూసి వాడి వైపు తిరగండి.

మంచి పుస్తకాల జాబితా కావాలంటే వదినని అడగండి, సంతోషంగా ఇస్తుంది. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రం ఫోన్ చెయ్యకండి. ఎత్తదు.