సాలీళ్ల కరణం

కొత్త జాతి దూకే సాలీడు దొరికిందని పేపర్లో చదివితే, దాన్ని ప్రకటించిన పండితుడు ఎగిరి గంతేసి ఉంటాడనుకుంటాం. గంతులు సాలీడువే. పండితుడు సీసాలోకి చూసి, ‘ఏమో, పాతదేనేమో’ అని పెదవి విరుస్తాడు. ఆ అపనమ్మకమే అతని విద్యంతా. కొత్తది అనాలంటే, ఇప్పటికే పేరున్నవాటిలో ఏదీ కాదని తేల్చాలి. ఒక్క దూకే సాలీళ్ల కుటుంబంలోనే 6,000కు పైగా జాతులున్నాయి. పైగా సాలీళ్ల పేర్ల లెక్క 1757లో స్వీడన్‌లో కార్ల్ క్లెర్క్ వేసిన పుస్తకం దగ్గర మొదలవుతుంది. చౌహద్దులు తేలందే, పాత దస్తరాలు తిరగేయందే సెంటు భూమి రాయని వెనకటి కరణానికీ ఇతనికీ తేడా ఒక్కటే: ఇతని చెయ్యి తడిపేవాడు లేడు.

మనిషి మర్యాదస్తుడే గానీ చూపు మాత్రం చూడకూడని చోటే. ముఖాన నాలుగు కళ్లతో, ఒంటినిండా రంగులతో ఆ ప్రాణి ఎంత సింగారించుకున్నా అతనికి పట్టదు. మగదైతే నోటి పక్కన వీర్యాన్ని మోసే పాల్ప్‌ల కొసలు, ఆడదైతే పొట్ట అడుగున జననాంగం: సూక్ష్మదర్శిని కింద వీటినే గంటల తరబడి చూసి, బొమ్మ గీసి, కొలతలు రాస్తాడు. రంగు చూస్తే చాలదా అంటారా? చాలదు. ఆల్కహాల్‌లో రంగులు వెలిసిపోతాయి. ఒకే జాతిలో మగదీ ఆడదీ పోలికే లేకుండా ఉంటాయి. ఆలుమగలను రెండు జాతులుగా రాసేసి, తర్వాతి పండితుడి చేత దిద్దించుకున్నవాళ్లు ఈ శాస్త్రంలో బోలెడుమంది. మరి డీఎన్‌ఏ చూడొచ్చుగా? చూస్తాడు, కానీ పోల్చిచూడ్డానికి పాత జాతుల్లో చాలావాటి డీఎన్‌ఏ ఎవరూ తీసి ఉంచలేదు.

ఇదంతా పేరు కోసమేగా అని ఇంకో ఎత్తిపొడుపు. పేరు కోసమే, అయితే తన పేరు కాదు. కొత్త జాతికి సొంత పేరు తగిలించుకోవడం వాళ్లలో సిగ్గుమాలిన పని. 2021లో ఆస్ట్రేలియాలో నారింజ ముఖం మీద తెల్లచారలున్న నెమలి సాలీడుకు సినిమా చేప నీమో పేరు పెట్టారు. అదే ఏడాది మహారాష్ట్రలో దొరికినదానికి, ముంబై దాడుల్లో ఉగ్రవాది కసబ్‌ను పట్టుకుని ప్రాణమిచ్చిన పోలీసు తుకారాం ఓంబ్లే పేరు మీద ఐసియస్ తుకారామి అన్నారు. పేరు పెట్టడానికి ప్రాణం తీయడమేమిటన్నదే వీటన్నిటికన్నా గట్టి ఆక్షేపణ. నిజమే, మామూలుగా నమూనా సీసాలో, మ్యూజియంలో ఉండాల్సిందే. ఎందుకంటే ఇతని మాటను ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. యాభై ఏళ్ల తర్వాత మరో అనుమానప్పక్షి వచ్చి, అదే సాలీడును మళ్లీ చూసి, కాదనగలగాలి.

సరే, ఒరిగేదేమిటి? 1896లో అమెరికాలో పెక్‌హమ్ దంపతులు ఒక సాలీడుకు కిప్లింగ్ కథలోని నల్ల చిరుత పేరు తీసుకుని బఘీరా కిప్లింగీ అని పెట్టారు. తీరా 2009లో బయటపడిందేమంటే, ఆ చిరుత మెక్సికోలో తుమ్మజాతి చెట్ల ఆకు కొసలు తిని బతికే, దాదాపు శాకాహారి! పేరు నప్పలేదు సరే, కానీ ఆనాటి వర్ణనే లేకపోతే ఆకులు మేస్తున్నది ఏ సాలీడో చెప్పే దారి ఉండేది కాదు.

మీ ఇంటి గోడ మీద దూకేది కొత్తదేమోనని అనిపిస్తే ఫొటో తీసి ఇలాంటి పండితుడికి పంపండి. ఫొటో చాలదంటాడు. అయినా పంపండి.