తిరుగులేని అభిప్రాయం తయారు చేయు విధానం

మా రామాపురంలో సేద్యం సంగతుల్లో తప్ప 'తెలియదు' అనే మాట విని చాలా కాలమైంది. వరిలో ఆకు ఎర్రబడిందని చెప్పి చూడండి, టీ కొట్టు బెంచీ మీదున్న నలుగురూ కాసేపు ఆలోచిస్తారు. 'జింకు తక్కువైందో, తెగులో ఏమో, ఒక దుబ్బు పీక్కొస్తే గానీ చెప్పలేం' అంటారు. జీవితమంతా సేద్యంలో గడిపిన మనుషులు అనే మాట అది. వాళ్లనే కృత్రిమ మేధ వల్ల ఉద్యోగాలు ఉంటాయా ఊడతాయా అని అడగండి. గ్లాసు కింద పెట్టకుండానే తీర్పు వచ్చేస్తుంది.

చూసి చూసి నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో సగం నా మీదే. బెంచీ చివర కూర్చుని అందరికంటే గట్టిగా మాట్లాడేది నేనే మరి. ఈ రంగంలో కొత్తగా అడుగుపెడుతున్న కుర్రాళ్లకు పనికొస్తుందని నా అనుభవసారం ఇక్కడ పెడుతున్నాను.

అన్నిటికంటే ముందు, వస్తువును వాడకూడదు. వాడితే అభిప్రాయం పాడైపోతుంది. కరెంటు స్కూటరు కొన్నవాణ్ని కదిలించండి: 'పొలానికి, ఊళ్లోకి బానే ఉంది బాబాయ్, తెనాలి దాకా పోయి రావాలంటే మాత్రం చార్జింగు చూసుకోవాలి, అయినా పెట్రోలు లెక్కేసుకుంటే పర్లేదు' అని నసుగుతాడు. ఇలాంటి మాటలతో సభ నడుస్తుందా? కొననివాణ్ని అడగండి. 'కాలిపోతయ్!' అంటాడు. ఒక్క మాట. 2022లో దేశంలో అక్కడక్కడా కరెంటు స్కూటర్లు తగలబడిన వీడియోలు మన ఫోన్లన్నిటికీ వచ్చాయి. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. దాని వీడియో ఎవరూ తీయలేదు కాబట్టి అది జరగనట్టే లెక్క.

ఫోన్ల విషయంలో అమెరికాలో ఉన్న బావమరిదిని అడిగానని చెప్పండి. మీకు లేకపోతే పక్కింటివాళ్ల బావమరిది చాలు.

5జీ టవర్ల వల్ల పిచ్చుకలు పోయాయని చెప్పేటప్పుడు సిగ్నల్ సరిగా ఉన్న చోట నిలబడి చెప్పండి, మధ్యలో కట్ కాకుండా ఉంటుంది.

ఇంక పెద్ద సంగతుల్లోకి వద్దాం. ప్రభుత్వం ఏదన్నా సాంకేతిక పథకం ప్రకటిస్తే ముందు చూడాల్సింది అదేమిటని కాదు, ప్రకటించింది ఎవరని. 2025 మేలో ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి రాష్ట్ర ప్రభుత్వం అమరావతిలో క్వాంటం కంప్యూటర్ పెడతామని చెప్పింది. 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న క్వాంటం సిస్టమ్ టూ అన్నమాట. మీది ఈ పక్షమైతే '156 అండీ 156!' అనండి. ఆ పక్షమైతే 'ఆ 156తో ఏం చేసుకుంటాం' అనండి. దేనివి 156 అని అటువాడూ అడగడు, ఇటువాడూ అడగడు. అదీ ఈ అంశంలో ఉన్న సుఖం. క్వాంటం యంత్రం మన కంప్యూటర్‌కు వేగం పెంచిన అన్నగారు కాదు. అణువుల ప్రవర్తనను లెక్కగట్టడం లాంటి కొన్ని ప్రత్యేకమైన లెక్కలకు ఉద్దేశించింది, దాని గుండెకాయను పరమశూన్య ఉష్ణోగ్రతకు దగ్గరగా చల్లబరచాలి, లెక్కల్లో తప్పులు దొర్లకుండా చూడటమే ఇంకా పెద్ద తలనొప్పి. ఇవన్నీ తెలుసుకుంటే రెండు పక్షాల్లోనూ మీకు చోటుండదు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఇదే రంగానికి 6,003 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్ ఆమోదించింది. అప్పుడు మా బెంచీ మీద ఉలుకూ పలుకూ లేదు. ఢిల్లీ సంగతి కదా, పక్షాలు ఇంకా పంచుకోలేదు.

చంద్రయాన్ మీద రెండు అభిప్రాయాలు ఒకేరోజు పెట్టుకోవచ్చు. పొద్దున: 'సినిమా తీసేంత డబ్బులతో, 615 కోట్లతో చంద్రుడి మీద దిగాం!' సాయంత్రం, వానపడి రోడ్డు మీద నీళ్లు నిలిచాక: 'చంద్రుడి మీదికి పోతారు గానీ ఊళ్లో రోడ్డు వెయ్యలేరు.' దేశం మొత్తం పరిశోధన మీద పెట్టేది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం, అంటే వంద రూపాయలకు 64 పైసలు. ఆ 64 పైసల మీద మాత్రం నోరు మెదపకండి, అది కోపం తెప్పించే అంకె కాదు, టీ చల్లారిపోతుంది.

ఇప్పుడు నాకు అత్యంత ప్రియమైన సూచన. మాటకు ముందు 'మన' అని తగిలించండి. మన బియ్యం, మన విత్తనం, మన తాతల తిండి. ఆ రెండక్షరాలు పడ్డాక అవతలివాడు శాస్త్రం మాట్లాడితే ద్రోహి అయిపోతాడు.

2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. జన్యువును సవరించి తయారు చేసినవి. ఒకటి హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థది, పేరు డీఆర్ఆర్ ధన్ 100, ముద్దుపేరు కమల. రెండోది ఢిల్లీ పూసా వాళ్ల డీఎస్టీ రైస్ 1. 'జన్యువు' అన్న మాట చెవిన పడిందో లేదో బెంచీ భగ్గుమంది. 'ఇంకేముంది, విదేశీ విత్తనం దించుతున్నారు, మన బియ్యం మనకు కాకుండా చేస్తన్నారు.' నేను తలూపాను. ఊపి ఊరుకోకుండా కేన్సర్ ముక్క ఒకటి చేర్చాను, సభకు కాస్త బరువు రావాలని.

ఇంతకీ ఆ కమల ఎవరి బిడ్డ? సాంబ మసూరి బిడ్డ. బస్తా మీద బీపీటీ 5204 అని ఉంటుంది చూడండి, అది. బీపీటీ అంటే బాపట్ల. అక్కడి పరిశోధన కేంద్రంలో ఎం.వి. రెడ్డి గారు రూపొందిస్తే 1986లో విడుదలైంది. బెంచీ మీద కూర్చున్న అందరం ఆ మధ్యాహ్నం ఇంటికెళ్లి కలుపుకుని తిన్నది దాన్నే. పూసా రకానికి తల్లి ఎంటీయూ 1010, కాటన్‌దొర సన్నాలు, మార్టేరులో పుట్టింది. దేశంలో మొట్టమొదటి జన్యు సవరణ వరి రకాలు రెండూ ఆంధ్రా ఆడపడుచుల పిల్లలే. మనవరాలిని చూసి 'ఈ పిల్ల ఎవరో పరాయిది' అన్నట్టుంది మా వాలకం.

ఆ 'మన' తాతల తిండి సంగతి ఇంకా బావుంటుంది. బీపీటీ 5204లో మూడు రకాలు కలిశాయి. జీఈబీ 24 కోయంబత్తూరుది. తైచుంగ్ నేటివ్ 1, పేరులోనే ఉంది, తైవాన్‌ది. మసూరి మలేషియా నుంచి వచ్చింది. తైవాన్ పొట్టితనం, మలేషియా గింజ, తమిళ దేశపు రక్తం బాపట్లలో కలిస్తే మనకు తాతల తిండి అయింది. ఎందుకు కాకూడదు? అయింది కూడా. అయ్యాక తలుపు వేసేశాం.

కమల కోసం హైదరాబాద్ సంస్థవాళ్లు చేసిన పని ఇది. వరి వెన్నులో సైటోకైనిన్ అనే హార్మోను ఎక్కువుంటే గింజలు ఎక్కువ కడతాయి. దాన్ని ఎప్పటికప్పుడు కరిగించే ఎంజైము ఒకటుంది. ఆ ఎంజైమును తయారు చేసే జన్యువును కత్తిరించి దాని పని తగ్గించారు. బయటి జన్యువేదీ తెచ్చి పెట్టలేదు. సాంబ మసూరి కంటే దిగుబడి 19 శాతం ఎక్కువనీ, కోతకు దాదాపు 20 రోజులు ముందే వస్తుందనీ సంస్థ చెబుతోంది. డెల్టాలో 20 రోజులంటే ఏమిటో, 2023 డిసెంబరు మొదటి వారం తుపానులో ఓదెలు నీళ్లలో తేలినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. అలాగని నవంబరు ఏమన్నా మంచి నెలా? 1977 ఉప్పెన నవంబరు 19నే. అంటే 20 రోజులు ముందొచ్చినంత మాత్రాన పంట గట్టెక్కినట్టు కాదు.

అడగాల్సినవి లేవా అంటే బోలెడున్నాయి. 2022 మార్చిలో పర్యావరణ శాఖ ఇలాంటి సవరణ పంటలకు జన్యుమార్పిడి పంటల నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. అలా ఇవ్వడం సబబేనా? కత్తిరించే ఆ క్రిస్పర్ పనిముట్టు మీద విదేశాల్లో పేటెంట్లున్నాయి, రేపు విత్తనం ధర ఎవరు తేలుస్తారు? సాంబ మసూరికి తరతరాల శత్రువు ఎండాకు తెగులు, కమల దానికి తట్టుకుంటుందా? ఇవి మంచి ప్రశ్నలు. మా బెంచీ మీద ఒక్కటీ రాలేదు. ఎందుకంటే వీటికి 'ఏమో' అన్న జవాబు కూడా సరిపోతుంది, అభిప్రాయానికి 'ఏమో' పడదు. అసలు హైదరాబాద్ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులు తట్టుకునే జన్యువులను సంకరం ద్వారా ఎక్కించి మెరుగైన సాంబ మసూరిని 2008లోనే తెచ్చాయి. అప్పుడు ఎవరూ భగ్గుమనలేదు. దాని గురించి 'తింటే అంతే సంగతులు!' అని ఎర్రక్షరాల బొమ్మ పెట్టిన యూట్యూబ్ వీడియో మాకెవరికీ రాలేదు మరి.

వాతావరణ శాఖను తిట్టడం సులభం, అందరికీ అందుబాటులో ఉంటుంది. వాన పడుతుందన్నప్పుడు పడకపోతే ఏడాదంతా గుర్తుపెట్టుకోవాలి. చెప్పినట్టే పడితే 'ఆ మాత్రం మా చీమలు చెప్పలేదా' అనాలి. మిచాంగ్ తుపాను నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందని ముందే చెప్పారు, 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గరే దాటింది. అంతకుముందు రెండు రోజులూ నా ఫోనుకు వచ్చిన పటాల్లో అది ఒకదాంట్లో ఒడిశాకు పోయింది, ఒకదాంట్లో గాల్లో కలిసిపోయింది, మరోదాంట్లో 1977 మళ్లీ వస్తోంది, దాచేస్తున్నారు. నేను మూడూ పంపాను. ఏదో ఒకటి నిజమవుతుంది కదా, అప్పుడు 'నేను ముందే చెప్పా' అనొచ్చు. ఇందులో నవ్వులాట ఎంతున్నా ఒక్కటి మాత్రం నవ్వుతూ రాయలేకపోతున్నాను. కృష్ణకు ఇవతల ఈ రేపల్లె వైపున 1977లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. అప్పట్లో రేడియో ఉన్న ఇల్లు ఊరికి ఎన్ని? ఆ ఇళ్లకు కూడా నేను ఆ మూడో పటం పంపాను.

పిల్లలు సెల్లు చూసి చెడిపోతున్నారని రీల్సు చూస్తూ చెప్పండి, ధ్వని తగ్గించుకుని.

ఎవరన్నా అడ్డం తిరిగితే 'గూగుల్‌లో కొట్టు' అనండి. వాడు నిజంగా కొడితే 'గూగుల్‌ను నమ్మేదేంటి' అనండి.

అభిప్రాయాన్ని ఎక్కడ చెప్పాలన్నది చాలామంది మరిచిపోయే సంగతి. టీ కొట్టు దగ్గర చెప్పాలి, పెళ్లిలో బంతి మీద చెప్పాలి, రేపల్లె రైల్లో ఎదుటివాడు నిద్రపోతుంటే లేపి చెప్పాలి. అడిగినచోట మాత్రం చెప్పకూడదు. 2025 జనవరిలో కేంద్రం మన వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనల ముసాయిదా బయటపెట్టి, అభిప్రాయాలు పంపండి మహాప్రభో అని అడిగింది. ఫిబ్రవరి 18 గడువన్నారు, మార్చి 5 దాకా పొడిగించారు. మా బెంచీ నుంచి ఒక్కటీ వెళ్లలేదు, నాదీ వెళ్లలేదు. ఆ రోజుల్లో నేను ఎలాన్ మస్క్ ఏం చేయాలో చెప్పడంలో తలమునకలుగా ఉన్నాను. 2010లో జన్యుమార్పిడి బీటీ వంకాయ గొడవప్పుడు అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాలు తిరిగి రైతుల్నీ శాస్త్రవేత్తల్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని విన్నారు. అరుపులు, కేకలు, రసాభాస. చివరికి ఫిబ్రవరి 9న ఆ వంకాయను ఆపేశారు. ఆపడం తప్పో ఒప్పో ఇప్పటికీ తగువే. కానీ ఆ రసాభాసే నయమని నా లెక్క, కనీసం అరిచినవాడి అరుపు ఎక్కడికో చేరింది. కమలకు అలాంటి సభ ఒక్కటి జరిగుంటే మేం వెళ్లేవాళ్లమా అంటే, భోజనాలు పెడితే వెళ్లేవాళ్లం.

అన్నిటికంటే ముఖ్యం, చేతిలో ఉన్న యంత్రం మీద అభిప్రాయం పెట్టుకోకూడదు. రేషన్ డిపో దగ్గర నిలబడి చూడండి. నాట్లు వేసీ, కలుపు తీసీ, అంట్లు తోమీ అరిగిపోయిన వేళ్లు. వేలు పెడితే మిషన్ ఒప్పుకోదు. మా పిన్ని వరసావిడ వేలిని తల నూనెకు రాసి పెట్టింది, కొంగుకు తుడిచి పెట్టింది, నోటితో ఊది పెట్టింది, ఎడమ చెయ్యి పెట్టింది. డీలరు ఫోను ఎత్తి సిగ్నల్ కోసం గుమ్మం బయటికి వెళ్లొచ్చాడు. వెనక వరసలో ఉన్న మాకు దీని మీద చెప్పడానికేమీ తోచలేదు. ఆధార్ మీద, ప్రైవసీ మీద, చైనా మీద గంటలు గంటలు మాట్లాడే వరస అది. ఆఖరికి మా బెంచీ కుర్రాడే ధైర్యం చెప్పాడు:

'ఇంకెన్నాళ్లులే పిన్నీ, అమరావతిలో క్వాంటం వస్తంది.'

ఆవిడ కొంగుతో మళ్లీ వేలు తుడుచుకుంటూ అడిగింది: 'దానికన్నా నా వేలు పడిద్దంటావా అబ్బాయ్?'

'పడిద్ది' అన్నాం అందరం.