ఉప్పునీటి అల్లుడు

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు సొంత ఇల్లు కొన్నాక ఏదో ఒక పిచ్చిలో పడతారు. కొందరు కరివేపాకు మొక్కని గరాజ్‌లో పెట్టి, లైట్లు వేసి చలికాలం గట్టెక్కిస్తారు. కొందరు హోమ్ థియేటర్ కట్టుకుని అందులో బట్టలు ఆరేస్తారు. వీళ్లు కాక ఇంకొకాయన ఉంటాడు. ఆయన హాల్లో సముద్రం పెడతాడు.

గుర్తుపట్టడం తేలికే. ఇంటికెళ్తే మంచినీళ్లివ్వకముందే "సెలినిటీ 35, టెంపరేచర్ 78" అంటాడు. ఇంట్లోవాళ్లు కుళాయి నీళ్లు తాగుతారు, ట్యాంకుకి మాత్రం నాలుగు ఫిల్టర్లు దాటొచ్చిన ఆర్‌వో నీళ్లు. 120 గాలన్ల తొట్టిలో గుట్టలా పేర్చిన రాళ్లు, వాటి మీద జిగురుతో అతికించిన పగడాలు. ఒక్కో ముక్క బొటనవేలంత ఉంటుంది. ధర చెప్పడు. వాళ్లావిడ పక్కనుంటే అడగనూ కూడదు. ఆవిడది భీమవరం. "మావైపు పుస్తెలమ్మైనా పులస తింటారండీ. ఈయన క్రెడిట్ కార్డు గీకి కొంటారు, తినడానికి లేదు" అంటుంది.

ఇలాంటి ఇంటికి మావగారు వచ్చారు. ఊళ్లో చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ ఉన్న మనిషి. సూట్‌కేసు ఇంకా విప్పలేదు, ట్యాంకు ముందు నిలబడి, "అమ్మోనియా ఎంతుందండీ?" అన్నారు. అల్లుడికి కళ్లు చెమర్చాయి. అమెరికా వచ్చాక ఆ మాట అడిగిన బంధువు ఈయనే. మావగారు రిఫ్రాక్టోమీటరు మీద చుక్క వేసి, వెలుతురుకెత్తి చూసి, తలూపారు. ఆ సాయంత్రమంతా ఇద్దరూ పీహెచ్ గురించీ, ఆల్కలినిటీ గురించీ మాట్లాడుకుంటుంటే కూతురు రెండుసార్లు అన్నానికి పిలిచి ఊరుకుంది.

చివర్న ఆయన అడిగారు, "మరి పట్టుబడి ఎప్పుడు?"

"పట్టం మావయ్యగారూ, చూస్తామంతే." కాసేపాగి, "ఒక్కడిని మాత్రం పట్టాలి."

వాడి పేరు సిక్స్‌లైన్ రాస్. మూడంగుళాలు. ఊదారంగు ఒళ్లు, దాని మీద నారింజ చారలు ఆరు, ఎర్ర కన్ను. పగడాలకి చిన్న చిన్న పురుగులు పడితే ఏరుకు తింటుందని కొన్నాడు. అన్నిటికన్నా ఆఖర్న వెయ్యాల్సిన చేప అది. ఈయన మొదట్లోనే వేశాడు. పురుగుల సంగతి ఏమైందో తెలీదు గానీ, రాళ్లన్నీ తన పేర రిజిస్టరైనట్టు తర్వాత వచ్చిన ప్రతి చేపనీ తరిమి, రెక్కలు చింపడం మొదలెట్టింది.

వలతో పట్టడం కుదరదు. వల నీళ్లని తాకేసరికి అది రాతి సందులో ఉంటుంది. అందుకని అక్రిలిక్ డబ్బా కొన్నాడు. లోపల మైసిస్ రొయ్యలు వేసి, తలుపుకి దారం కట్టి, ఆ కొస పట్టుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని సోఫాలో కూర్చుంటాడు. ఆఫీసు కాల్‌లో "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అని గుసగుసలాడితే, అవతల మేనేజరు సర్వర్ పడిపోయిందేమో అనుకుంటాడు. డబ్బాలోకి క్లౌన్ ఫిష్ వస్తుంది, ఎల్లో టాంగ్ వస్తుంది, పొట్టనిండా తిని పడుకున్నా పడుకుంటాయి. సిక్స్‌లైన్ తలుపు దాకా వచ్చి, కన్ను తిప్పి దారాన్ని చూసి, లోపలివాళ్లు వదిలేసిన ముక్కలు బయటికి కొట్టుకొస్తే నోట కరుచుకుని పోతుంది.

రాత్రి పట్టుకుందామంటే, అది ఏ బొరియలోనో ఒంటి చుట్టూ జిగురు సంచి అల్లుకుని నిద్రపోతుంది. ఎర్ర లైటు పట్టుకుని ఈయన మేలుకుంటాడు.

మావగారు అన్నీ చూసి ఒకే ప్రశ్న వేశారు. "ఇన్ని రాళ్లెందుకు వేశారండీ అల్లుడుగారూ?" రాతి రంధ్రాల్లో బ్యాక్టీరియా పెరుగుతుందనీ, అదే అమ్మోనియాని విరగ్గొడుతుందనీ అల్లుడు చెప్పాడు. "నిజవేలెండి, దానికోసం మేం ప్రోబయోటిక్స్ చల్లుతాం. కానీ ఇన్నిళ్లు కట్టించి ఇచ్చి, ఇప్పుడు బయటికి రమ్మంటే ఎవరొస్తారు?"

శనివారం ముహూర్తం పెట్టారు. మావగారు లుంగీ ఎగ్గట్టారు. నీళ్లు పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ముల్లోకి తోడారు, రాళ్లు ఒక్కొక్కటే తీసి తొట్లలో పెట్టారు, రెండు పగడాలు విరిగాయి. ట్యాంకులో జానెడు నీళ్లు మిగిలాయి, చేప మాత్రం లేదు. ఇసక కెలికారు, పంపు విప్పారు, ఎగిరి పడిందేమోనని సోఫా జరిపారు. చీకటి పడ్డాక రాళ్లు మళ్లీ పేర్చి నీళ్లు పోశారు. పంపు ఆన్ చెయ్యగానే పెద్ద రాతి కన్నంలోంచి ఆరు చారలూ బయటికొచ్చాయి. రాతితోపాటే తొట్లోకెళ్లి, రాతితోపాటే ఇంటికొచ్చేశాడు.

మావగారు వెంటనే భీమవరానికి వీడియో కాల్ చేశారు. "మన అల్లుడుగారు ఇవాళ పట్టుబడి చేశారే! దిగుబడి సున్నా."

అల్లుడికి బాధ ఉందని మీరనుకుంటారు. లేదు. ఆదివారం భోజనాలకొచ్చిన వాళ్లందర్నీ ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లి, "చాలా ఇంటెలిజెంట్ అండీ వీడు" అని చూపిస్తున్నాడు. లెక్కల్లో 95 తెచ్చుకున్న కొడుకు ఆ మాట కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు.

ఫ్రిస్కో, ప్లేనో వైపు ఎవరికైనా ఆరు చారల చేప కావాలంటే చెప్పండి, ఊరికే ఇస్తారు. ఆవిడ చేపల పులుసుతో భోజనం కూడా పెడుతుంది. వల మాత్రం మీరే తెచ్చుకోవాలి, పట్టుకోవడమూ మీ పనే.