పట్టా గంట ఆత్మకథ

పల్నాడులోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆవరణలో వేపకొమ్మకు వేలాడే గంట రెండడుగుల రైలు పట్టా ముక్క. మీటరు గేజి లైన్లకు గజానికి 60 పౌన్లు తూగే పట్టాలు వాడిన కాలం నాటిది. ఆ లెక్కన దీని బరువు 18 కిలోలు. తన సంగతి తానే చెప్పుకుంటున్నా ఈ గంట ఎక్కడా ‘నేను’ అనదు. తరగతి గదుల్లోంచి వినిపించే పాఠాల మధ్యే దాని బతుకంతా గడిచింది. అందుకే తన గురించి కూడా పాఠం చెప్పినట్టే చెబుతుంది.

రైలు పట్టాల చివర్లలో బోల్టుల కోసం బెజ్జాలు ఉంటాయి. రెండు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేటును గ్యాంగ్‌మన్లు ఆ బెజ్జాల్లోంచే బిగిస్తారు. పట్టాను ముక్కగా కోసేటప్పుడు అలాంటి ఒక బెజ్జం ఈ ముక్కకు మిగిలింది. తీగ దూర్చి వేలాడదీయడానికి వేరే తొలవాల్సిన పని లేకపోయింది. పల్లెల్లో ఇన్ని బడులకు రైలు పట్టాలే గంటలు కావడానికి ఈ బెజ్జం ఒక కారణం. మరో కారణం ఉక్కు. చక్రాల ఒరిపిడికి తట్టుకోవాలని పట్టా ఉక్కులో కర్బనం, మాంగనీసు మామూలు ఇనుప సామాన్ల కంటే ఎక్కువగా కలుపుతారు. గట్టిగా ఉండే ఆ ఉక్కుకు దెబ్బ తగిలితే మోత చాలాసేపు నిలుస్తుంది. కడ్డీ ఎంత పొట్టిదైతే స్వరం అంత హెచ్చు. సన్నని కడ్డీని సగానికి కోస్తే కంపనాల వేగం దాదాపు నాలుగింతలవుతుంది. చివరల దగ్గర కొడితే గట్టిగా మోగుతుంది. చివరి నుంచి పొడవులో అయిదో వంతుకు కాస్త అవతల కొడితే మాత్రం నీరసంగా పలుకుతుంది, ఎందుకంటే కడ్డీ కంపించేటప్పుడు అక్కడ కదలిక ఉండదు. ఈ సూత్రం అటెండరుకు ఎవరూ చెప్పలేదు. అయినా అతని చేతిలోని గుణపం ముక్క ఎప్పుడూ కింది చివరనే తాకుతుంది. ఏళ్లుగా తగిలిన దెబ్బలకు అక్కడ రూపాయి బిళ్లంత మేర తుప్పు లేకుండా మెరుస్తుంది. గాలివానకు ఊగి చెట్టు మానుకు ఆనుకున్న రోజున మాత్రం గంట గొంతు పట్టేస్తుంది.

1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చాక జిల్లా బోర్డుల ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి మారాయి. గంట మోతలకు అర్థాలు కూడా కాలంతో మారుతూ వచ్చాయి. మొదటి గంటకు పిల్లలు గేటు దాటాలి, రెండో గంటకు ప్రార్థనకు వరసలో నిలబడాలి. అక్కడ చెప్పే ప్రతిజ్ఞ రాసింది నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ దాన్ని తెలుగులోనే రాశారు. ఆ ప్రతిజ్ఞ రోజూ చెప్పే పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలియకపోవడం ఈ గంట దృష్టిలో చిన్న లోపం కాదు.

మధ్యాహ్నపు గంట కథ వేరు. ఒకప్పుడు ఆ గంటకు పిల్లలు అన్నానికి ఇళ్లకు వెళ్లేవారు, కొందరు మళ్లీ వచ్చేవారు కాదు. ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం 2003 జనవరిలో మొదలైంది, తర్వాత ఉన్నత పాఠశాలలకూ వచ్చింది. ఇప్పుడు గంట కొట్టకముందే కంచాల చప్పుడు వినిపిస్తుంది. 2019లో కేరళ బడుల్లో మొదలైన నీళ్ల గంట ఆ తర్వాత తెలుగు రాష్ట్రాలకూ వచ్చింది. పాఠం మధ్యలో అందరూ సీసా తీసి నీళ్లు తాగాలని గుర్తు చేసే మోత అది.

గంటకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ 11తో ముగుస్తాయి. హెడ్మాస్టర్లు మారేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. 2025లో ఆంధ్రప్రదేశ్ చేసిన బదిలీల చట్టం ప్రకారం ప్రధానోపాధ్యాయులు ఒకే చోట అయిదు విద్యాసంవత్సరాలు, ఉపాధ్యాయులు ఎనిమిది పూర్తిచేస్తే కదలాల్సిందే. వచ్చినవారు మొదట చార్జి తీసుకుంటారు. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకం, క్యాష్‌బుక్కు, స్టాకు రిజిస్టరు ఒక్కొక్కటే బల్ల మీదికి వస్తాయి. స్టాకు రిజిస్టరులో బెంచీలు, బీరువాలు, గ్లోబుల కింద ‘ఇనుప గంట – 1, కొట్టే కడ్డీ – 1’ అని ఉంటుంది. చాలామంది అధికారులు ఆ వరుస దగ్గర తలెత్తకుండానే టిక్కు పెట్టేస్తారు. ఈసారి వచ్చిన హెడ్మాస్టరమ్మ బయటికి వచ్చి, చెట్టు కింద నిలబడి, గంట ఉందో లేదో చూసుకుని మరీ టిక్కు పెట్టారు.

కొత్త హెడ్మాస్టరు ఊరిని పలకరించే పద్ధతులు ఈ గంటకు బాగా తెలుసు. జూన్ 12న గేటుకు మామిడి తోరణం కట్టడం, కొత్తగా చేరిన పిల్లలకు పూలిచ్చి లోపలికి తీసుకురావడం, బ్యాగులు, నోటు పుస్తకాలు, బూట్ల కిట్లు పంచడం ప్రతి ఏడూ ఉండేవే. కిట్టు మీది పేరు ప్రభుత్వంతో పాటు మారుతుంది, బూటు సైజు తంటా మాత్రం మారదు. ఆ పైన ప్రసంగం. గంట దాన్ని పీరియడ్లలో కొలుస్తుంది. పీరియడ్ అంటే ముప్పావు గంట. అది దాటిందా, వెనక వరసలో తల్లులు కొంగు దులుపుకుని లేస్తారు. ఫలితాల్లో మండలంలో మొదటి స్థానం తెస్తామన్న హామీ దాదాపు ప్రతి ప్రసంగంలోనూ వినిపించింది. ఎవరైనా తమ బడిలో ఏ సబ్జెక్టుకు టీచరు లేరో మైకులో చెప్పడం మాత్రం అరుదు.

అసలు చిక్కు వేళతో. తొలకరి పడితే పత్తి గింజలు పెట్టే పనులు మొదలవుతాయి. కూలీల ఆటోలు ఎనిమిదిలోపే ఊరు దాటిపోతాయి. పొద్దున పదింటికి పెట్టే స్వాగత సభకు రావాలంటే ఒక తల్లి ఆ రోజు కూలి వదులుకోవాలి. కాబట్టి ఆ సభల్లో ముందు కుర్చీలు సర్పంచిగారితో, పెద్దమనుషులతో నిండుతాయి, బడిలో పిల్లలున్న ఇళ్లవాళ్లు తక్కువే కనిపిస్తారు. తల్లిదండ్రులు రావడం లేదనీ, వాళ్లకు పట్టదనీ విసుక్కునే గొంతులు స్టాఫ్‌రూములోంచి గంట చాలాసార్లు విన్నది. వేళ సంగతి ఎత్తినవాళ్లు కొద్దిమందే. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల ఆత్మీయ సమావేశం జరిగినప్పుడు జనం నిండుగా వచ్చారు. ముగ్గుల పోటీ, తాడు లాగే పోటీ పెట్టారు. అలాంటిది ఏడాదికి ఒకటో రెండో. బడి నడిచేది మిగతా రోజుల్లో.

ఈ హెడ్మాస్టరమ్మ పొద్దుటి సభను చిన్నగా ముగించి, సాయంత్రం ఆటోలు తిరిగొచ్చే వేళకు రెండో సభ పెట్టారు. దండోరా వేయించడమే కాక, సభ మొదలవుతోందని గంట కూడా కొట్టించారు. బడి విడిచాక గంట మోగడం విని ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చిన వారూ ఉన్నారు. వచ్చిన వారు ఉండిపోయారు.

ఆమె మాటల్లో ముందుగా వచ్చింది ఉపాధ్యాయుల పరిచయం. ఎవరు ఏ సబ్జెక్టు చెబుతారో, ఎవరు ఏ ఊరి నుంచి వస్తారో చెప్పారు. భౌతికశాస్త్రం పోస్టు ఖాళీగా ఉందని, భర్తీ అయ్యేదాకా లెక్కల మాస్టారు అదనంగా తీసుకుంటారని దాచకుండా చెప్పారు. ఆ తర్వాత 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు ఏమిస్తుందో నాలుగు మాటల్లో వివరించారు. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. పాత బడి టీసీ ఆలస్యమైనా అడ్మిషన్ ఆగదు. పిల్లవాడిని కొట్టకూడదు, మనసు గాయపరిచేలా మాట్లాడకూడదు. ఈ చివరి మాటకు వెనక నుంచి ఒక తండ్రి లేచాడు.

“కొట్టకపోతే చదువెట్టా వచ్చిద్ది మేడం?”

“మీ వాడు చదవట్లేదనిపిస్తే నా గదికి రండి. ఇద్దరం కూర్చుని వాడితో చదివించి చూద్దాం. బెత్తం సంగతి మాత్రం అడగొద్దు.”

నవ్వులు అణిగాక అవతలి పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి నోరు విప్పింది. “బస్సు తొమ్మిది దాటితేగానీ రాదు మేడం. పిల్లదాన్ని గేటు బయట నిలబెట్టబాకండి.” ఇది నేరుగా గంటకు సంబంధించిన ఫిర్యాదు. బడి వేళలు విద్యాశాఖ నిర్ణయిస్తుంది కాబట్టి రెండో గంటను వెనక్కి జరపడం హెడ్మాస్టరు చేతిలో లేదు. ఆమె చేయగలిగింది చేశారు. బస్సులో వచ్చే పిల్లల పేర్లు వేరుగా రాయించారు. వాళ్లు ప్రార్థన మధ్యలో వచ్చినా చివరి వరసలో కలవొచ్చని, మొదటి పీరియడ్ హాజరు పాఠం చివర తీయాలని అక్కడే ఉపాధ్యాయులకు చెప్పారు. గంటకు దీనిపై అభ్యంతరం లేదు. సమయం తెలియజేయడం దాని పని. ఆలస్యమైనవాళ్లను ఎండలో నిలబెట్టడం మనుషులు కల్పించుకున్నదే.

తర్వాత పాఠశాల యాజమాన్య కమిటీ వంతు. చట్టప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గుర్ని తల్లిదండ్రులే ఎన్నుకుంటారు. ప్రధానోపాధ్యాయులు సభ్య కన్వీనరు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, గ్రాంటు ఖర్చు చూడడం, మధ్యాహ్న భోజనం సరిగా పెడుతున్నారో లేదో గమనించడం కమిటీ పనులు. ఆచరణలో చాలాచోట్ల తీర్మానాల పుస్తకం ఇళ్లకు వెళ్లి సంతకాలు తెచ్చుకుంటుంది. ఆ సాయంత్రం మాత్రం సభ్యులు పుస్తకం చుట్టూ బెంచీల మీద కూర్చున్నారు.

పాడైన కరెంటు గంటను బాగుచేయించాలన్నది ముందు వచ్చిన ప్రతిపాదన. కొన్నేళ్ల కిందట పూర్వ విద్యార్థులు ఇచ్చిన గంట అది. కరెంటు పోయిన పూట మూగబోయేది, ఆపైన దాని టైమరు చెడింది. ఆడపిల్లల మరుగుదొడ్ల తలుపులకు గడియలు లేవని, అది ముందు చూడాలని ఒక తల్లి అనడంతో చర్చ మళ్లింది. గడియలు మొదటి అంశం, నీళ్ల ఫిల్టరు రెండోది అయ్యాయి. కరెంటు గంట మూడో వరుసకు జారింది.

నాలుగో అంశం అటెండరు లేవనెత్తాడు. పట్టా గంటను మోస్తున్న తీగ తుప్పు పట్టి సగానికి అరిగిందని, 18 కిలోల ఇనుము పిల్లలు తిరిగే చోట తెగిపడితే ప్రమాదమని చెప్పాడు. తీగ తీసేసి ఇనుప గొలుసు వేయాలని, ఖర్చు బడి నిర్వహణకు వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు నుంచి పెట్టాలని, గొలుసు వచ్చేదాకా చెట్టు చుట్టూ తాడు కట్టి పిల్లల్ని దూరంగా ఉంచాలని రాసుకున్నారు. కన్వీనరు చదివి వినిపించాక సభ్యులు సంతకాలు చేశారు, సంతకం చేయడం రానివారు వేలిముద్ర వేశారు. తీర్మానాల నకలు మర్నాడు నోటీసు బోర్డుకెక్కింది. గొలుసు ఆ వారంలోనే వచ్చింది.