శుక్రాచార్యుల వారికి ఒక పెళ్లింటి విన్నపం

మహారాజశ్రీ శుక్రాచార్యుల వారి సముఖానికి,

విషయం: మూఢంలో లగ్గానికి ప్రత్యేక అనుమతి కోరుతూ.

అయ్యా,

మాది మహబూబాబాద్ జిల్లా తొర్రూరు. పాత లెక్కలో వరంగల్ జిల్లా. నేను డాలస్‌లో కొలువు చేస్తున్నాను. చెల్లెకు సంబంధం కుదిరింది. నాకు మేనేజరు ముఖం మాడ్చకుండా ఇచ్చే సెలవు క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ నడుమ ఒక్కటే. సరిగ్గా అప్పుడే తమరు సూర్యుడి చాటుకు వెళ్లిపోయారు. 2025 నవంబరు 26న మొదలైన మూఢం ఫిబ్రవరి 17 దాకా ఉందని చెప్పి అయ్యగారు పంచాంగం మూసేశారు. ‘మూఢాల లగ్గం జేస్తె నలుగురు ఏమంటరు బిడ్డా?’ అని నాయిన ఫోన్ పెట్టేసిండు.

పోనీ, పిల్లల బడులకు సెలవులుండే ఎండకాలంలో పెట్టుకుందామా? 2024లో ఏప్రిల్ చివర మునిగిన తమరు జూలైలో గానీ తేలలేదు. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఇంకొంచెం ఆగితే ఆషాఢం, దానికి తోడు బృహస్పతుల వారి మూఢం. దేవతల గురువుకూ రాక్షసుల గురువుకూ ఏనాడూ పడదంటారు. ఎన్నారైల సెలవులు చెడగొట్టే కాడ మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

నువ్వు లేకుంటే లగ్గం ఆగుతదా అని తమరు అడగొచ్చు. ఆగదు. కానీ లాజహోమంలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది తోడబుట్టినోడు. అగ్గి ముందర చెల్లె చేతులు చాచి నిలబడితే, పక్కన సెల్‌ఫోన్ పట్టుకొని ‘అన్నా, కనబడుతుందా?’ అని ఎవరో అరవడం మా అమ్మకు ససేమిరా ఇష్టం లేదు. వీడియో కాల్‌లో పేలాలు రాలవు కదా!

తమరితో మాకు పాత పరిచయమే. బలి చక్రవర్తి దానం చేయబోతే కలశానికి అడ్డుపడి, వామనుడి దర్భపుల్లకు తమరు ఒక కన్ను పోగొట్టుకున్న కథను తెలుగు భాగవతంలో చెప్పిన పోతన మా పొరుగువాడు. ఆయన ఊరని మేమంతా చెప్పుకునే బమ్మెర, మా పక్కనున్న పాలకుర్తి మండలంలోనే ఉంది. ఆ చనువుతోనే ఈ అర్జీ.

అయితే సంతకం పెట్టే ముందు, మా రాకపోకలను శాసించే మిగతా దొరల సంగతి కూడా కాస్త విచారించాను.

2025 సెప్టెంబరు 19న హెచ్‌-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుము అని అమెరికా అధ్యక్షుడు సంతకం చేశారు. అదీ తమరి వారమే, శుక్రవారం. ఒక్కరోజు గడిస్తే అమలు. అది కొత్త దరఖాస్తులకేనని మర్నాడు వివరణ వచ్చింది. ఆలోపే పండక్కో పెండ్లికో ఊరికి బయల్దేరినవాళ్లు విమానాలు దిగిపోయారు, ఊళ్లో ఉన్నవాళ్లు టికెట్లకు ఎగబడ్డారు. డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బి, హెచ్‌-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలన్నీ తిరగేస్తామన్నారు. ఆ నెలలో ఇంటర్వ్యూ ఉందని, లగ్గం చూసుకొని స్టాంపింగ్ కూడా వేయించుకొని పోదామని వచ్చినవాళ్లకు తేదీ మార్చికీ, ఆ పైకీ జరిగింది. స్టాంపు లేనిదే తిరిగి విమానం ఎక్కనివ్వరు. పప్పన్నం తినడానికి వచ్చినోళ్లు అక్కడి ఇంటి కిరాయి కట్టుకుంటూ ఇక్కడ కూర్చున్నారు.

తమరి తీరే వేరు. దాదాపు 584 రోజులకోసారి అదే చక్రం. జనవరి 6న సూర్యుడికి సరిగ్గా అవతలి పక్కన ఉంటారని ఖగోళ శాస్త్రజ్ఞులు ఎప్పుడో లెక్క కట్టి పెట్టారు. మార్చి 30న విశ్వావసు ఉగాది నాడు కొన్న పంచాంగంలోనే తమరు మునిగే రోజు, తేలే రోజు అచ్చయి ఉన్నాయి. మునిగేదాకా వచ్చి తేదీ జరిపిన పాపాన పోలేదు. ఖాతాలు తెరిచి చూపించమనలేదు. రుసుము అసలే లేదు.

కాబట్టి అనుమతి కోరుతూ పెట్టిన ఈ అర్జీని వాపసు తీసుకుంటున్నాను. లగ్గం ఫాల్గుణంలో పెట్టుకున్నాం. తమరు మాట మీద నిలబడతారని నమ్మి ఫంక్షన్ హాలుకు బయానా ఇచ్చేశాం, ఐరేని కుండలకు కుమ్మరాయనకు చెప్పేశాం. సెలవు సంగతి మేనేజరుతో నేను తేల్చుకుంటాను.

ఈ లేఖ ప్రతులను భూలోకంలోని వీసా అధికారులకు, సెలవులిచ్చే మేనేజర్లకు పంపుతున్నాను. వారికి మనవి ఒక్కటే. మూసుకోండి, తెరుచుకోండి, రూళ్లు మార్చుకోండి. ఏం చేసినా శుక్రుడి లెక్క ముందుగా చెప్పండి. శుభలేఖలు పంచాక మాత్రం తేదీలు మార్చకండి.

ఇట్లు,
పెళ్లికూతురి అన్న,
తొర్రూరు.