చమ్కీ చిన్నాయన

ఇన్‌స్పైర్ మానక్ సైన్సు పోటీకి ఎంపికైన పిల్లోడి ఖాతాలో 10,000 రూపాయలు పడినాయని తెలిసిన సాయంత్రమే చిన్నాయన వాకిట్లో ప్రత్యక్షం. చంకలో థర్మోకోల్ షీటు, చేతిలో ఫెవికాల్ డబ్బా. అనంతపురంలో వీధికొక చిన్నాయన ఉంటాడు. మా వీధిలో ఇద్దరు. వాళ్లిద్దరికీ మాటల్లేవు.

పిల్లోడు చేసింది చిన్న పరికరం. రెండు ఇనుప మేకులు, ఒక బీసీ 547 ట్రాన్సిస్టర్, రెండు ఎల్‌ఈడీలు, 9 వోల్టుల బ్యాటరీ. మేకులు గుచ్చిన కుండీ మట్టి తడిగా ఉంటే పచ్చ దీపం, ఎండితే ఎర్ర దీపం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సక్రమంగా పడని జిల్లాలో శెనక్కాయ రైతుకు పనికొచ్చే సంగతే.

"బాగుండాది గానీ బోసిగా ఉండాదప్పా," అన్నాడు చిన్నాయన. బోసి అనేది ఆయన లెక్కలో ఒక జబ్బు. దానికి మందు చమ్కీ.

రాత్రికి రాత్రే థర్మోకోల్ కొండ లేచింది. దాని మీద ఫెవికాల్ పూసి పచ్చరంగు కలిపిన రంపపు పొట్టు చల్లినాడు. ఐస్‌క్రీమ్ పుల్లల ఇల్లు, కూల్‌డ్రింకు స్ట్రాలతో కొబ్బరిచెట్లు (మన చేలల్లో!), కొండ కింద నీలం జిగేలు కాగితంతో పెన్న.

"పెన్నలో ఉండేది ఇసక కదా చిన్నాయనా?"

"ఇసకకు మార్కులెవరిస్తార్రా?"

ఊడిన తీగ అతికిద్దామని పిల్లోడు సోల్డరింగ్ ఐరన్ పెడితే దాని సెగకు కొండ నడుమ గుంత పడింది. చిన్నాయన బెదరలేదు. "మన ఊరికి పేరిచ్చిందే అనంతసాగరం చెరువు. అది లేకుంటే ఎట్లా?" అని గుంత చుట్టూ చమ్కీతో కట్ట పోసినాడు.

కుండీలో మట్టి బోసిగా ఉందని మేకులు పీకి పొట్టులో గుచ్చింది కూడా ఆయనే. చుక్క నీళ్లు పోయకుండానే పచ్చ దీపం వెలిగింది. "నా చెయ్యి సల్వరా," అని మురిసిపోయినాడు. తడి ఫెవికాల్‌లోనూ కరెంటు పారుతుందని పిల్లోడికి అర్థమైంది గానీ, చిన్నాయనకు చెప్పే ధైర్యం ఎవరికుంది? తెల్లారేసరికి జిగురు ఆరి ఎర్ర దీపమే మిగిలింది.

సైన్సు ప్రదర్శనలో జడ్జి సారు చెంబెడు నీళ్లు పోయమన్నారు. పిల్లోడు పోసినాడు. గట్టిపడిన ఫెవికాల్ మీద నీళ్లు నిలవక జారి, చెరువు నింపి, చమ్కీ కట్ట తెంపి, పచ్చరంగు కలుపుకొని కిందికి దూకినాయి. ఎర్ర దీపం మాత్రం అట్లే ఉంది.

జడ్జి సారు కలం ఆపి కొండ కిందికి వంగి చూస్తున్నారు. పక్క బల్లల పిల్లలంతా మూగినారు. వెనకనుంచి చిన్నాయన గొంతు:

"చూడండి సార్, పెన్న పారతాంది!"