వంకగోడ వాక్యానికి టీకా తాత్పర్యాలు

మూలం: వంకెమ్మడి పాత గోడొకటి ఉండాది, యెవురు కట్నారో తెలీదు.

అవతారిక: చంద్రగిరి మొదలుకొని తలకోన వరకు శేషాచలం పాదాన, అటు పలమనేరు దాటి కౌండిన్య అడవుల దాకా, పశువులు మేపేవారూ కట్టెలకు పోయేవారూ తమలో తాము చెప్పుకొనే పై వాక్యానికి ఛందస్సు లేదు, అలంకారం లేదు, కర్త పేరు అంతకన్నా లేదు, అయినా ఇంత ప్రచారం గల రచనకు ఇంతవరకు ఒక్క వ్యాఖ్యానమైనా వెలువడకపోవడం పండితలోకం చేసిన ఉపేక్షే. కాళిదాసుకు కోలాచల మల్లినాథసూరి దొరికాడు గాని, వంకగోడకు ఎవరూ దొరకలేదు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మల్లినాథుడు పెట్టుకొన్న నియమం ఇక్కడ మరింత కఠినంగా వర్తిస్తుంది. ఎందుకంటే ఈ రచనలో మూలమంటే రాళ్లే, రాళ్లలో లేనిదాన్ని రాళ్లకు అంటగట్టడం చిత్తూరు సీమలో కొత్త విద్య కాదు.

పాఠాంతరాలు: ఈ మూలానికి మూడు ప్రతులు ఉన్నాయి. పశుల కాపరుల ప్రతి పైన ఇచ్చినదే. అది అతి క్లుప్తం, అందుచేతనే అతి ప్రామాణికం. టీకొట్టు ప్రతిలో "యెవురు కట్నారో తెలీదు" అనే భాగం జారిపోయి, దాని స్థానంలో "రాయలవారు కట్టించినారంట" అనే పాఠం చేరింది. అయితే ఆ చివరి "అంట" వల్ల వక్త పూచీ పడకుండా తప్పుకొన్నాడు కాబట్టి, ఈ పాఠాన్ని దోషయుక్తమనవచ్చు గాని అసత్యమనరాదు. యూట్యూబు ప్రతిలో గోడ కింద బంగారు జాడీలు, వాటికి కాపలాగా ఒక నాగుపాము, చివర సబ్‌స్క్రైబ్ చేసుకొమ్మనే ఫలశ్రుతి కనబడతాయి. ఫలశ్రుతి ఉన్నంతమాత్రాన గ్రంథం పురాణం కాదు. ఈ మూడో ప్రతి యావత్తూ ప్రక్షిప్తం.

ప్రతిపదార్థం: వంకెమ్మడి = వంక వెంబడి; వంక అనగా కొండమీద వాన కురిసినప్పుడు ఒడ్డులొరుసుకొని పారి, మిగిలిన నెలల్లో ఇసుకనూ గుండ్లనూ బయటపెట్టి, నాలుగు మడుగుల్లో మాత్రం నీరు దాచుకొనే చిన్న ఏరు, ఇలాంటి వంకలు కూడుకొనే కల్యాణి, స్వర్ణముఖి వంటి నదులవుతాయి; పాత = వక్త తాతకు కూడా పాతది; గోడ = సున్నం, గచ్చు, మట్టిముద్ద ఏదీ లేకుండా రాయిమీద రాయి పేర్చినది; ఒకటి = కూలిన చోట్లను కలుపుకొంటే రెండో మూడో; ఉండాది = ఇన్ని వానలకూ కొట్టుకుపోక ఉన్నది; యెవురు కట్నారో = ఎవరెవరు కట్టారో, ఇక్కడ బహువచనం గౌరవార్థకం కాదు, గుంపు పని అని సూచన; తెలీదు = తెలియదు, అడగలేదు అని కూడా.

తాత్పర్యం: ఉన్నదే.

పూర్వపక్షం: అసలది గోడే కాదనే వాదాన్ని ముందుగా పరిశీలించాలి, ఎందుకంటే తిరుమల కొండల్లో ఈ వాదానికి బలమైన ఆధారం ఉంది. తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు పక్కన, కింద గ్రానైట్, దానిమీద నాగరి క్వార్ట్‌జైట్ అనే గట్టి పొరరాయి కలిసే గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రెండింటి వయసుల మధ్య దాదాపు 80 కోట్ల సంవత్సరాల ఎడం ఉందని భూవిజ్ఞానులు చెబుతారు. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని పిలిచే ఈ విషమ సంధిని, అనగా మధ్యలో యుగాల చరిత్ర చెరిగిపోయిన రాతి అతుకును, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఈ పొరరాయి సమతలంగా పరుపులు పరుపులుగా ఉండి, నిలువునా పగుళ్లు తీసుకొని, చతురస్రపు దిమ్మెలుగా విడిపోయే స్వభావం కలది కాబట్టి, వంక కోసిన ఒడ్డులో అది బయటపడినప్పుడు ఎవరో నూలు పట్టి కట్టినట్టే కనబడుతుంది. మనిషి చెయ్యి తగలకుండానే శిలాతోరణం నిలిపిన కొండకు నాలుగు వరసల గోడ నిలపడం పెద్ద పని కాదు.

దీనికి సమాధానం రాతి కీళ్లలో ఉంది. ప్రకృతి చీల్చిన పొరల్లో నిలువు పగులు ఒక వరసనుంచి పై వరసకు, అక్కడినుంచి ఆ పై వరసకు తిన్నగా సాగిపోతుంది. మనిషి పేర్చినప్పుడు కింది రెండు రాళ్ల కీలుమీద పై రాయి కూర్చుంటుంది, లేకపోతే గోడ తొలి వానకే విడిపోతుందని పేర్చినవాడికి తెలుసు. పెద్ద రాళ్ల సందుల్లో వేలెడంత చిల్లరాళ్లు బిగించి ఉంటే అవి ప్రకృతి బిగించినవి కావు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం మరొకటి: విషమ సంధికి ఎగువన, పొరరాయి గోడ నడుమ ఒక గ్రానైట్ గుండు కనబడితే, గ్రానైట్ తనంతట తాను కొండెక్కదు గనుక, దాన్ని ఎవరో మోసి తెచ్చారనే ఒప్పుకోవాలి.

రెండో పూర్వపక్షం రాజుగారిది. చంద్రగిరి కోటను క్రీ.శ. 1000 ప్రాంతంలో యాదవరాయలు కట్టించారని స్థలచరిత్ర చెబుతుంది. సాళువ నరసింహుడు అక్కడినుంచే ఎదిగాడు, తళ్లికోట యుద్ధం తరువాత పెనుకొండకు చేరిన విజయనగర రాజధాని ఆ పైన చంద్రగిరికి మారింది. సున్నం లేకుండా భారీ బండలు అమర్చిన ఆ కోటగోడలను చూసి వచ్చిన కన్ను, చుట్టుపక్కల అడవిలో మోకాలెత్తు గోడ కనిపించినా దానికి బురుజు కట్టేస్తుంది. ఈ వాదంలో ఒకే ఒక్క చిక్కు ఉంది. కోటగోడ మిట్ట వెతుక్కొంటుంది, వంకగోడ పల్లం వెతుక్కొంటుంది. శత్రువు ఒక్క గెంతున దాటగలిగే గోడను వాగు పక్కన కట్టించిన రాజు ఎవరైనా ఉంటే, అతడి రాజ్యం చరిత్రకెక్కేంత కాలం నిలిచి ఉండదు.

సిద్ధాంతం: వంకగోడల్లో అత్యధికం నీటికి సంబంధించినవి. ఈ సీమలో జీవనది లేదు, చినుకు పడిన నాలుగు రోజులే నీటికి తరుణం; ఆ నాలుగు రోజుల నీటిని కయ్యలోకి, అనగా మడిలోకి, మళ్లించడానికో, వంక తన ఒడ్డును తానే కోసుకొని కయ్యను మింగకుండా ఆపడానికో, చెరువులోకి పోయే కాలువకు దరి కట్టడానికో రాయి పేర్చవలసి వచ్చింది. చెరువు కట్టకు నీటివైపున రాతి పరుపు, నిండినప్పుడు మిగులు నీరు దుమికే మొరవకు రాతి అంచు, తూముకు రాతి చట్రం ఎక్కడైనా చూడవచ్చు. ఊరు లేచిపోయి, చెరువు పూడి, అడవి మళ్లీ కమ్ముకొన్న చోట ఈ మూడింటి ముక్కలే మిగిలి, ఒకదానితో ఒకటి సంబంధం తెగిపోయి, చూసేవారికి రహస్యంగా తోస్తాయి.

ఈ విద్యకు శాస్త్రం లేదనుకొనేవారు పోరుమామిళ్ల చెరువు శాసనం వైపు చూడాలి. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన ఆ సంస్కృత శాసనం మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలను, దాన్ని చెరిచే 6 దోషాలను ఏకరువు పెడుతుంది. బిగువైన రాతికట్టు, దగ్గరలో నిడుపైన రాళ్లు దొరికే గని, కట్టడంలో చెయ్యి తిరిగిన మనుషులు ఆ పన్నెండింటిలో ఉన్నారు. కట్టనుంచి నీరు ఊరడం దోషాల్లో ఉంది. రోజుకు 1000 మంది కూలీలు, రాయి తోలడానికి 100 బండ్లు, పని ముగియడానికి రెండేళ్లు అని లెక్క కూడా ఉంది. ధర్మాత్ముడైన రాజు కూడా 12 సాధనాల్లో ఒకడే. టీకొట్టు ప్రతి తయారు చేసినవారు మిగిలిన పదకొండింటినీ వదిలేసి ఆయన్నే పట్టుకొన్నారు.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు తిరుమల శాసనాలు జవాబు చెబుతాయి. విజయనగర కాలంలో స్వామివారికి నైవేద్యం జరిపించమని భక్తులు సమర్పించిన సొమ్మును దేవస్థానం ఆలయ గ్రామాల్లో చెరువులూ కాలువలూ తవ్వించడానికి వెచ్చించి, అలా పెరిగిన పంటతో ఆ నైవేద్యాన్ని నడిపించేది. అంటే భక్తుడి వరహా వడపప్పుగా మారేలోపు ఏదో ఒక ఊళ్లో కాలవ గట్టుగా ఒక మజిలీ చేసేది. దీనికి తోడు దశబంధం ఉండేది. చెరువు కట్టినవారికో బాగుచేసి కాపాడేవారికో దాని కింద సాగులో పదోవంతుకు సరిపడే భూమిని ఇనాముగా ఇచ్చే పద్ధతికి ఆ పేరు. గోడ చెడితే ఇనాము చెడుతుందన్న భయం కంటే గట్టి సున్నం లేదు.

ఇక సున్నం లేని గోడ ఎలా నిలిచిందో చెప్పాలి. గచ్చు పెట్టిన గోడ నీటిని ఆపుతుంది కాబట్టి వెనక నిలిచిన నీటి బరువంతా మోయాలి. ఉత్త రాతిగోడ నీటిని సందుల్లోంచి వదిలేసి మట్టిని మాత్రం ఆపుతుంది కాబట్టి ఆ బరువు దానిమీద పడదు. కింద వెడల్పు, పైన సన్నం, ముఖం ఒడ్డువైపుకు కొద్దిగా వాలి ఉండటం, అక్కడక్కడ ఒక పొడుగురాయి గోడ మందమంతా దూరి రెండు ముఖాలనూ కట్టిపడేయడం దాని లక్షణాలు. గోడ వెనక గోడెత్తున మేటవేసిన మెత్తటి ఒండ్రును గునపంతో తాకి చూస్తే, వెలుపలి వంకలో గులకరాళ్లు తప్ప ఏమీ లేకపోవడం గమనిస్తే, అది దేనికి కట్టారో వేరే శాసనం అవసరముండదు.

ఈ పని చేసినవారి పేరు వంశవృక్షాల్లో లేదు గాని కులం పేరులో ఉంది. రాయి కొట్టడం, మట్టి తవ్వడం, కట్ట పోయడం వృత్తిగా ఊరూరా తిరిగిన వడ్డెరల సమ్మెట పడని చెరువు రాయలసీమలో అరుదు. పేర్పు రాతిగోడ కట్టే నేర్పును 2018లో యునెస్కో మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు అందులో ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, స్పెయిన్ సహా ఎనిమిది యూరప్ దేశాల పేర్లు ఉన్నాయి. అదే నేర్పును ఇక్కడ కూలి అన్నారు.

శంక: గోడ నిజంగా పాతదేనా? ఈ శంక కొంచెం నొప్పి కలిగించేదే. 1876-78 నాటి ధాత కరువులో గంజి కోసం వచ్చినవారిచేత దొరతనం రోడ్లూ చెరువులూ చేయించింది. 2000లో నీరు-మీరు పథకం కింద, 2006 తరువాత ఉపాధి హామీ కింద వంకలకు అడ్డంగా రాతి అడ్డుకట్టలు వెలిశాయి. రాతిమీద పాచి పట్టి, సందులో చెట్టు మొలిచి, పైన చీమలపుట్ట లేస్తే ఇరవయ్యేళ్ల అడ్డుకట్ట కూడా పల్లవుల కాలంనాటి ముఖం పెడుతుంది. ఇందులో రాళ్ల అంచులు చూడటం ఒక్కటే దారి. రాతి అంచున వరసగా ఉలి గుంటలు ఉంటే శీలలు కొట్టి చీల్చినది. వేలు పట్టే సన్నని గుండ్రటి గాడి నిలువునా సగం కోసినట్టు ఉంటే తూటా పెట్టి పేల్చినది, అది రాయల కాలానిది కానే కాదు. ఏ గుర్తూ లేకపోతే వంకలోనే ఏరుకొన్నది, దానికి కాలం చెప్పడం సాహసం. వంకకు దూరంగా గుండ్రంగానో చదరంగానో చుట్టి వచ్చి ఒకచోట మాత్రం వాకిలి వదిలిన గోడ గొర్రెల దొడ్డి. దీనిమీద ఇంతకంటే వ్యాఖ్య అక్కరలేదు.

విశేషం: గుప్తనిధుల సంప్రదాయం వారు ఈ మూలానికి గునపంతో భాష్యం రాస్తున్నారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలియజేయవలసిందే గనుక, లాభం కూడా వారు ఊహించినంత లేదు. నష్టం మాత్రం ఖాయం. ఉత్త పేర్పు గోడలో అడుగురాయి ఒకటి లాగితే పై వరసలు దిగుతాయి, తరువాతి వానకు ఆ సందులోంచి వెనకనున్న ఒండ్రంతా జారిపోతుంది. ఇక్కడి వాన సందు దొరికితే ఏం చేస్తుందో చూడనే చూశాం: 2021 నవంబరు వానలకు తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారిమెట్టు దారి దెబ్బతిని 2022 మేలో గాని తిరిగి తెరుచుకోలేదు. అదే నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు ఊట పుట్టి, కింది ఊళ్లను ఖాళీ చేయించవలసి వచ్చింది. పోరుమామిళ్ల శాసనం చెప్పిన దోషం ఆరున్నర శతాబ్దాల తరువాత టీవీలో ప్రత్యక్ష ప్రసారమైంది.

కాబట్టి వంకెమ్మడి గోడ కనబడినవారు రాయి కదపకుండా, పక్కన కొలతకు ఒక కర్ర ఆనించి ఫొటో తీసి, వంక పేరు, దగ్గరి ఊరి పేరు రాసి పురావస్తు శాఖకో, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచీన చరిత్ర, పురావస్తు విభాగానికో పంపవలసిందిగా మనవి. శేషాచలంలో కొంత భాగం 1989 నుంచి జాతీయ వనం. అటవీ శాఖ అనుమతి తీసుకొని పగటిపూట వెళ్లడం మంచిది, చీకట్లో టార్చి పట్టుకొని తిరిగే పండితుడికీ ఎర్రచందనం దొంగకీ తేడా కనిపెట్టడం కాపలావారికి కష్టం.